గ్రూపులు వద్దు, వంతులే ముద్దు

కిందటి వారం గంగరాజుని మనామాలో బంగారం కొట్ల వెనకవీధిలో, మేడమెట్ల మీద వదిలేశాం. పైన హాల్లో తెలుగు మిత్రమండలి సర్వసభ్య సమావేశం. అధ్యక్షుల వారి ఎదుట నిలబడి కడిగి పారేస్తానని క్యాంపంతా టాంటాం వేసుకొచ్చిన మనిషి, తీరా మెట్లెక్కేసరికి రెయిలింగు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. ఈ వారమే పత్రిక చేతబట్టినవాళ్ళకి అసలు గొడవేమిటో చెప్పేస్తాను. తెలిసినవాళ్ళు ఈలోగా టీ తాగి రండి.

బహ్రెయిన్ తెలుగువాళ్ళకో వాలీబాల్ లీగుంది. కువైట్ యుద్ధం సద్దుమణిగిన ఏడాది పుట్టింది. ఎనిమిది జట్లు. నాలుగు ఆఫీసు జట్లు, అవి ఎ గ్రూపు. నాలుగు క్యాంపు జట్లు, అంటే కంపెనీల పనివాళ్ళ బసలవి, అవి బి గ్రూపు. ఎ వాళ్ళు ఎ వాళ్ళతోనే ఆడాలి, బి వాళ్ళు బి వాళ్ళతోనే. రెండు గ్రూపుల్లోనూ ముందు నిలిచిన జట్లు ఫైనల్లో తలపడాలి. కాగితం మీద చూస్తే ధర్మంగానే ఉంటుంది. కాగితం మీద అధర్మంగా ఉన్నదేదో ఒకటి చూపించండి!

ఇక నేల మీద చూడండి. ఎ గ్రూపులో అధ్యక్షుడు పాండురంగ గారి ‘మనామా స్టార్స్’ ఒక్కటే జట్టు. మిగతా మూడూ బంతి మీదికొస్తుంటే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునే బాపతు. బి గ్రూపులో నాలుగూ వారమంతా ఇనుము మోసి, ఆ కసి శుక్రవారం బంతి మీద తీర్చుకునే బాపతు. స్టార్స్ వాళ్ళు చెమట పట్టకుండా ఫైనల్‌కి నడిచొస్తారు. క్యాంపులవాళ్ళు ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళు విరగ్గొట్టుకుని, మిగిలినవాడు కుంటుకుంటూ వస్తాడు. ఆ మిగిలేది ఎప్పుడూ సిత్రా క్యాంపే. నరసాపురం పడవల మీద పెరిగిన కుర్రాళ్ళు, తాటిచెట్లంత పొడుగు. అంత పొడుగువాళ్ళు కొట్టినా ఫైనల్లో బంతి నెట్టు దాటదు. ఎందుకంటే పాండురంగ గారు వాళ్ళ కంపెనీలోనే పెద్ద ఎకౌంటెంటు. జీతం వేసే మనిషి మొహం మీదికి బంతి కొట్టాలంటే గుండె ఒక్కటే చాలదు, ఇంకో ఉద్యోగం కూడా ఉండాలి.

మన గంగరాజు తుబ్లీ వర్క్‌షాపులో వెల్డరు, తుబ్లీ క్యాంపు జట్టుకి కెప్టెను. నెట్టు దగ్గర గాల్లోకి లేచాడంటే అవతలివాళ్ళు బంతిని కాదు, దేవుణ్ణి చూస్తారు. కానీ సిత్రాని దాటలేక ఏనాడూ ఫైనల్ మొహం చూడలేదు. మోకాళ్ళు ఇంకొక్క సీజను కంటే ఎక్కువ పనిచెయ్యమని నోటీసు ఇచ్చేశాయి. ఆ ఒక్క సీజన్లో, ఒక్కసారి, పాండురంగ గారి జట్టుతో ఆడాలి. గెలిచినా ఓడినా సరే, నెట్టుకి ఆవలి పక్క ఆయన్ని చూడాలి. మనిషికి ఉన్న కోరిక అదే.

ఆ కోరికకి పెట్రోలు పోసింది పెళ్ళాం బుల్లెమ్మ. ఆవిడ పాండురంగ గారింట్లోనే పనిచేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం సెలవు. నయీమ్‌లో మలయాళీ వాళ్ళ టీకొట్టు బల్ల మీద ఎదురెదురుగా కూర్చుంటే అదే వాళ్ళ కాపురం. “రోజూ పొద్దున్నే సారు గెల్చిన కప్పు తుడుత్తున్నానయ్యా,” అంది ఒకనాడు. “నా మొగుడు కొట్టలేని కప్పుని నేను గుడ్డెట్టి తుడవడం ఏంటి, నా ఖర్మ కాకపోతే!” ఆవేళ గంగరాజు టీ సగంలో వదిలేశాడు.

ఇదీ సంగతి. ఇప్పుడు మెట్ల మీదికి రండి.

వెనకనించి ఎవరో వీపు మీద చరిచారు. అమ్మిరాజు. గంగరాజు గదిలోనే కింద మంచం వాడు, జట్టులో అతనికి బంతి లేపి ఇచ్చే లిఫ్టరు, వరసకి బావమరిది.

“ఏంటి బావా, ఇక్కడే కాపురం పెట్టేత్తావా? పైన సమోసాలు అయిపోతన్నాయి.”

సమోసాల మాట మనిషిని మెట్లెక్కించింది. విప్లవాలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

హాల్లో ముందు వరసల్లో కుర్చీలు. వాటిలో ఆఫీసుల వాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ. వెనక గోడనానుకుని నిలబడినవాళ్ళు క్యాంపుల వాళ్ళు. కూర్చోవద్దని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. కూర్చోమని కూడా ఎవరూ చెప్పలేదు. బుల్లెమ్మ ట్రే పట్టుకుని వరసల మధ్య తిరుగుతోంది. మొగుణ్ణి చూసి కనుబొమలు ఎగరేసింది. మాట్లాడకపోతే వచ్చే శుక్రవారం టీకొట్టుకి రానని దాని అర్థం.

వేదిక మీద పాండురంగ గారు మెరిసే టై కట్టుకుని ఉన్నారు. కరీంనగర్ మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి. పక్కన కార్యదర్శి హరికిరణ్. బెజవాడ కుర్రాడు, స్టార్స్ జట్టులో ఆడతాడు, తుబ్లీ వర్క్‌షాపులో ఇంజనీరు. అంటే గంగరాజుకి, అమ్మిరాజుకి, వెనక నిలబడ్డవాళ్ళలో సగం మందికి పైవాడు.

“ఇగ షెడ్యూల్ సంగతి,” అన్నారు పాండురంగ గారు. “ఎప్పటి లెక్కనే రెండు గ్రూపులు. ఎవరికన్న అభ్యంతరం ఉన్నదా? లేదు. ఖలాస్.”

“ఉందండి!” అని వినబడింది. తన గొంతేనని గంగరాజుకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

కుర్చీలన్నీ వెనక్కి తిరిగాయి.

“చెప్పు గంగరాజు. ఏంది నీ బాధ?”

“గ్రూపులు తీసెయ్యాలండి. అందరం అందరితోటీ ఆడాలండి.”

ముందు వరసలో ఎవరో నవ్వారు. హరికిరణ్ పెన్ను తిప్పుతూ, “ఎనిమిది జట్లు అందరూ అందరితో ఆడితే ఎన్ని శుక్రవారాలు కావాలో తెలుసా? ఎండలు ముదిరిపోతాయి. బంతి కాదు, మనమే పేలిపోతాం,” అన్నాడు.

“ఒక్క ఏడాదిలోనే అందరితో ఆడాలని నేనన్లేదండి. వంతులేసుకుందాం అంటన్నాను. పక్కపక్కనున్న జట్లు ఏటా ఆడుకోవాలండి. తుబ్లీకి సిత్రా, మీ స్టార్స్‌కి నయీమ్ జట్టు, అలాగ. మిగిలినోళ్ళలో సగం మందితో ఈ ఏడు, సగం మందితో వచ్చేడు. రెండేళ్ళు తిరిగేసరికి అందరి మొకాలు అందరూ చూసేత్తారు. ఇప్పటికంటే ఒక్క శుక్రవారం ఎక్కువ, అంతేనండి. ఎక్కువ గెల్చిన ఇద్దరూ ఫైనలు. ఆళ్ళు ఏ గ్రూపోళ్ళని అడక్కూడదు.”

నవ్వు ఆగింది. పిచ్చివాడనుకున్నవాడు లెక్క చెప్పేసరికి కొందరు వేళ్ళ మీద సరిచూసుకోవడం మొదలెట్టారు.

“గింత తెలివి నీకెట్ల వచ్చిందయ్యా?” అన్నారు పాండురంగ గారు తియ్యగా.

“మా వంటకాడ నుంచి వచ్చిందండి.”

ఈసారి హాలంతా నవ్వింది. గంగరాజుకి భయం పోయింది. నవ్వితే పుంజుకునే రకం అతను.

“నవ్వండి, నవ్వి తర్వాత ఇనండి. మా గదిలో పైన మూడు మంచాలు, కింద మూడు మంచాలండి. మొదట్లో పై మంచాలోళ్ళకో పొయ్యి, కింద మంచాలోళ్ళకో పొయ్యి పెట్టుకున్నాం. ఇదిగో ఈ అమ్మిరాజు కింద మంచం. ఈడి చేపలపులుసు తిన్నోడు మరింక సముద్రం కేసి చూడడండి.”

“బావా!” అన్నాడు అమ్మిరాజు.

“ఉండ్రా, నీ పేరు సభకెక్కుతుంటే. ఆ పులుసు ఎప్పుడూ కింద మంచాలోళ్ళే తినాల్సొచ్చేది. పైనోళ్ళం మా కూరే ఫస్టు, మా కూరే ఫస్టని చంకలు గుద్దుకునేవోళ్ళం. ఎవడిమీద ఫస్టండీ? పక్కోడి గిన్నె మూతే తియ్యకుండాను? ఆకరికి పొయ్యిలు కలిపేశాం. వంతు తిరుగుద్ది. బాగున్నా బాగోకపోయినా అందరూ అందరి చేతి కూరా తింటారు. అమ్మిరాజుకి సిగ్గొచ్చి పులుసెట్టడం నేర్చుకున్నాడు.”

వెనక గోడ వరస ఈలలు వేసింది. ముందు వరసలో పాండురంగ గారి భార్య సులోచన గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆపుకోవడానికో, సమోసా మిగల్చకుండా తినడానికో తెలీదు.

పాండురంగ గారు మాత్రం ముందుకి వంగారు. “మంచిగున్నది. మరి కూర బాగలేదని ఎవడన్న వంక పెడితే?”

ఇక్కడ గంగరాజు నోరు మూసుకోవాల్సింది. కానీ చప్పట్లు విన్నవాడికి చెవులు పనిచేస్తాయా!

“వంక పెట్టినోడిదే మర్నాడు వంతండి!” అన్నాడు ఛాతీ విరుచుకుని. “అది మా గది కట్టుబాటు. అందుకే మా గదిలో ఎవడూ నోరెత్తడు.”

“మంచి కట్టుబాటు,” అన్నారు పాండురంగ గారు, లోపల దాచుకునేవాడిలా తలూపుతూ. “సరే. ఇంకెవరన్న మాట్లాడేదుందా?”

ఎదుటి గ్రూపు వాళ్ళు అడ్డం పడతారని గంగరాజు ఎదురుచూశాడు. అడ్డం పడింది పక్కనున్న బావమరిదే.

“నాకిష్టం లేదండి,” అన్నాడు అమ్మిరాజు.

“ఓరి నీ… పులుసు గురించా?”

“పులుసు గురించి కాదు బావా. నువ్వెటూ తెగించినోడివి. రేపు స్టార్స్‌తో ఆటొత్తది. నెట్టుకవతల హరికిరణ్ సారుంటారు. నువ్వు లేచి కొట్టిన బంతి ఎళ్ళి ఆయన ముక్కుకి తగుల్తది. ఎల్లుండి నేను లీవు కాయితం అట్టుకెళ్తే ఆ ముక్కు నాకేసి ఎలా చూత్తదో ఆలోచించావా? గ్రూపులున్నాయి గాబట్టి మనకా బాధ లేదు. మనోళ్ళని మనం తన్నుకుంటాం, హాయిగా ఉంటాం.”

వెనక వరసలో చాలా తలలు ఊగాయి. ఎవరూ పైకి అనలేదు కానీ అందరూ అదే అనుకుంటున్నారు. గంగరాజుకి ఒళ్ళు మండింది. గోడ కట్టింది పెద్దమనుషులే కావచ్చు. దాని నీడన చాప వేసుకుని పడుకున్నది మాత్రం మనమే. ఎండ తగులుతుందని గోడ పడగొట్టొద్దనే జాతిని ఏ దేవుడు బాగుచేస్తాడు?

హరికిరణ్ తన ముక్కు తడుముకున్నాడు.

అప్పుడు సులోచన గారు లేచారు. హాలు ఉలిక్కిపడింది. అధ్యక్షుల వారు ఇంకా ఎక్కువ ఉలిక్కిపడ్డారు.

“నేనొక మాట అంటా. ప్రతిసారి మా ఆయన గెలుస్తడు. ఎవరి మీద? రోజు ఆఫీసుల ఎవరితోని చాయ్ తాగుతడో వాళ్ళ మీద. ఇంటికొచ్చి పండుకునేదాక అదే ముచ్చట. నేను ఎట్ల లేచిన, ఎట్ల కొట్టిన అని. విని విని మా చెవులు తూట్లు పడ్డయి. ఒక్కసారన్న అసలైన ఆట చూడనియ్యండి. గ్రూపులు తీసేసుడే మంచిది.”

“సులోచనా, కూసో.”

“కూసుంట. చెయ్యి లేపి కూసుంట.”

ఆవిడ చెయ్యి లేచింది. ఆవిడ వెనక ఆడవాళ్ళ చేతులన్నీ లేచాయి. గాజుల చప్పుడుకి కళ్ళజోళ్ళ జట్ల వాళ్ళ చేతులు కూడా మెల్లిగా లేచాయి. ఇంటికి వెళ్ళి తినాల్సిన అన్నం అందరికీ గుర్తొచ్చింది. గోడ దగ్గర గంగరాజు వెనక్కి తిరిగి చూసిన చూపుకి సగం చేతులు లేచాయి. అమ్మిరాజు చెయ్యి భుజం దాకా లేచి, అక్కడ దురద పుట్టినట్టు గోక్కుని ఆగింది. హరికిరణ్ చేతులు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, అధ్యక్షుల వారి కేసి చూశాడు.

“గ్రూపులు రద్దు,” అన్నాడు గొంతు సవరించుకుని.

గంగరాజుని నలుగురు భుజాల మీదికి ఎత్తబోయారు. ఫ్యాను అడ్డమొచ్చి దింపేశారు.

“అభినందనలు గంగరాజు,” అన్నారు పాండురంగ గారు. ఆయన మొహం మీద ఓడినవాడి జాడే లేదు. అది చూశాకైనా గంగరాజు జాగ్రత్త పడాల్సింది. “వంతుల పద్ధతి వచ్చింది. ఇగ ఆ వంతులు ఎవరు రాయాలె? మన రామ్‌ప్రసాద్ గారు ఇండియాకు వాపస్ పోయిండ్రు. కన్వీనర్ కుర్చీ ఖాళీగున్నది. వంక పెట్టినోడిదే వంతు అని నువ్వే అంటివి. గంగరాజును లీగ్ కన్వీనర్‌గ ప్రతిపాదిస్తున్న.”

చప్పట్లు మోగాయి. క్యాంపు మనిషికి కన్వీనర్ పదవి! అమ్మిరాజు కూడా కొట్టాడు. గంగరాజు దండం పెట్టబోయాడు.

“కాకుంటే చిన్న సంగతి,” అన్నారు పాండురంగ గారు. “రూల్ మీకందరికి తెల్సిందే. కన్వీనర్ అయినోడు ఆ సీజన్ల ఏ జట్టుకు ఆడొద్దు. షెడ్యూల్ వేసెటోడు పక్షపాతం చూపొద్దు గద.”

దండం గాల్లోనే ఆగిపోయింది.

“మరి నేనొద్దంటేనండి?”

“వద్దంటే వద్దు, బలవంతం లేదు. ఇయ్యాల కన్వీనర్ దొరకకుంటే కొత్త షెడ్యూల్ వేసెటోడు ఉండడు. పాత గ్రూపులే నడుస్తయి. నీ ఇష్టం.”

ఎంత శుభ్రమైన ఉచ్చు! కన్వీనరైతే గ్రూపులు పోతాయి, తుబ్లీ జట్టు స్టార్స్‌తో ఆడుతుంది, గంగరాజు ఒడ్డున కుర్చీలో కూర్చుని చూస్తాడు. కాకపోతే గంగరాజు ఆడతాడు, కానీ ఎప్పటిలాగే సిత్రా చేతిలో ఓడి ఇంటికొస్తాడు. స్టార్స్ మొహం ఎదురుపడదు. గోడ పడగొడితే నువ్వు అవతలికి రాకూడదు, ఆడాలంటే గోడ ఉండాలి. పెద్దమనుషులు న్యాయం చేసినప్పుడే ఎక్కువ భయపడాలని గంగరాజుకి ఆ క్షణాన అర్థమైంది.

హాలంతా అతని కేసి చూస్తోంది. అతను మోకాళ్ళ కేసి చూసుకున్నాడు. ఈ సీజను దాటితే అవి రావు. తుబ్లీ కుర్రాళ్ళు వస్తారు, రేపటి కుర్రాళ్ళు కూడా వస్తారు. వాళ్ళకైనా గోడ లేకుండా ఉంటుంది. అడగకుండానే కళ్ళు చెమర్చాయి. సరేనండి అనబోయాడు.

“ఆ వంతు నాకియ్యండి.”

ట్రే కింద పెట్టిన చప్పుడైంది. బుల్లెమ్మ.

“క్యాంపులో వంతులు మార్చుకుంటారు కదండి. ఒకడికి ఒంట్లో బాగోకపోతే ఆడి వంతు ఇంకోడు చేత్తాడు. మా ఆయన వంతు నేను చేత్తాను. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో నేనేసి ఇత్తాను. మా ఆయన ఆడుకుంటాడు.”

పాండురంగ గారికి నవ్వు రావడానికి కొంచెంసేపు పట్టింది. “నువ్వా? బుల్లెమ్మా, ఇది సాంబార్ల పప్పు వేసుడు కాదు.”

“పప్పు సంగతి నాకు తెల్దాండి? మీరు తింటన్నదదేగా.”

“మొగడు ఆటగాడు, పెండ్లాం కన్వీనర్! గట్ల ఎట్ల కుదుర్తది? రూల్ ఒప్పుకోదు!”

“ఎందుకు ఒప్పుకోదు?” మళ్ళీ సులోచన గారు. ఈసారి లేవలేదు, కూర్చునే అడిగారు. అది ఇంకా భయంకరంగా ఉంది. “పోయిన సీజన్ల రామ్‌ప్రసాద్ గారికి జరమొస్తే సగం షెడ్యూల్ ఎవరు వేసిండ్రు? నేను. ఆ మ్యాచులల్ల ఎవరాడిండ్రు? మీరు. కప్పు ఎవరు తెచ్చిండ్రు? మీరే. పెండ్లాం కన్వీనరైతే మొగడు ఆడొద్దంటే, ఆ కప్పు రేపే మండలికి వాపస్ ఇచ్చెయ్యండి. షోకేసుల జాగ అయితది, నా గాజుబొమ్మలు పెట్టుకుంట.”

పాండురంగ గారు టై సవరించుకున్నారు. బయట వీధిలో ఎవరో కారు హారన్ కొట్టుకుంటున్నారు.

హరికిరణ్ మెల్లిగా, “సార్, ఆవిడ చెప్పిందాంట్లో…” అన్నాడు.

“నీ నోరు నువ్వు మూసుకో.”

ఇంకేం చేస్తారు? కప్పు వదులుకోవడం కంటే బుల్లెమ్మని కన్వీనర్ చెయ్యడం తేలిక. బుల్లెమ్మ కన్వీనర్ అయింది. అందరి ఎదుటా మొదటి ఆర్డరు వేసింది కూడా. “మొదటి శుక్రారం స్టార్సూ తుబ్లీ. ఆట తుబ్లీలో. సార్ వాళ్ళే రావాలి మా వాళ్ళ కోర్టుకి.” క్యాంపు వాళ్ళ అరుపుకి మేడ అదిరింది. గంగరాజు అరవలేదు. పెళ్ళాం కేసి అలాగే చూస్తుండిపోయాడు, కొత్తగా పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా.

ఇంతటితో కథ కంచికి పోతే ఎంత బాగుండేది! కానీ కింద కార్లు ఆపే చోట పాండురంగ గారు తన కారు వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు.

“బుల్లెమ్మా, వీసా కాగితం మీద నిన్ను తెప్పించిన కఫీల్ అని ఎవరి పేరున్నది?”

“మీదేనండి.”

“కారెక్కినవంటే మా ఇంటి మనిషివి. రేపటికి కన్వీనర్ పని వద్దని చెప్పేస్తవు. ఎక్కకుంటే కన్వీనర్‌వే, కాని రేపే టికెట్ తెప్పిస్త. ఇప్పుడే తేల్చుకో.”

గంగరాజు బుల్లెమ్మ పక్కకి వచ్చి నిలబడ్డాడు. పెళ్ళాం ఊరెళ్ళిపోతే శుక్రవారం టీకొట్టు లేదు. టీకొట్టు లేకపోతే ఈ ఇసుకలో ఇంకేముంది? ఆట పోతే పోయింది. “ఎక్కెయ్యే బుల్లీ,” అన్నాడు. “నాకే ఆటా వొద్దు.”

“నువ్వు మాట్టాడకు!” బుల్లెమ్మ కస్సుమంది. “నీకోసం అనుకున్నావా? పైన ఆ కుర్చీ నాదన్నప్పుడు అందరూ నాకేసి చూశారు. ట్రే కేసి కాదు, నాకేసి.” ఆవిడ అడుగు ముందుకీ పడలేదు, వెనక్కీ పడలేదు.

పక్కనే తుబ్లీ క్యాంపు బస్సు. డ్రైవరు “యల్లా, యల్లా!” అని తొందరపెడుతూ హారన్ కొడుతున్నాడు. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ బాంగు మొదలైంది.

అప్పుడు కారు ముందు తలుపు తెరుచుకుంది. సులోచన గారు దిగారు. చేతిసంచీ భుజాన వేసుకుని, బుల్లెమ్మ చెయ్యి పట్టుకుని, తిన్నగా బస్సు కేసి నడిచారు.

“సులోచనా! ఎటు?”

“కన్వీనరమ్మ కోర్టు చూడాలె గద. నేను తోడు పోతున్న. వంట మీరు చేసుకోండ్రి. వంతులల్ల ఇయ్యాల మీది.”

బస్సులో ఉన్న మగాళ్ళంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. లుంగీ మడిచి కట్టినవాళ్ళు దింపుకున్నారు. బీడీ కాలుస్తున్నవాడు మింగినంత పనిచేశాడు. సులోచన గారు కిటికీ పక్క కూర్చుని, “ఏంది, పోనియ్యండి,” అన్నారు. డ్రైవరుకి తెలుగు రాకపోయినా ఆ గొంతు అర్థమైంది. బస్సు కదిలింది.

తుబ్లీ దాకా మగాళ్ళు కిటికీల్లోంచి బయటికే చూశారు. ఇద్దరాడవాళ్ళూ మాత్రం సీజనంతా మాట్లాడేసుకున్నారు. క్యాంపు దగ్గరపడుతుండగా అమ్మిరాజు గంగరాజు చెవిలో అన్నాడు.

“బావా, ఒక్కటి మర్చిపోయాం.”

“ఏంట్రా?”

“క్యాంపులోకి ఆడోళ్ళు రాకూడదు. తెచ్చినోణ్ణి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి మళ్ళీ రాకుండా ఊరికి పంపేత్తారు. గేటు మీద రాసుంది.”

గంగరాజు లేచి నిలబడేలోపే బస్సు గేటు ముందు ఆగింది. వాచ్‌మన్ ఖాన్ భాయ్ మెట్టు మీద కాలు పెట్టి లోపలికి తొంగిచూశాడు. లుంగీలు, గడ్డాలు, టిఫిన్ డబ్బాలు, వాటి మధ్య రెండు చీరలు. ఆయన కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. చీరలు అక్కడే ఉన్నాయి.

“గంగరాజ్ భాయ్, యే కౌన్ హై? కౌన్ లాయా?”

“నేనే తెచ్చాను,” అన్నాడు గంగరాజు. ఇంకొకడి మీదికి పోనివ్వడం ఇష్టంలేక ముందే అనేసి కిందికి దిగాడు.

బస్సు వెనక ఒక కారు వచ్చి ఆగింది. పాండురంగ గారి కారే. లోపలినించి దిగింది మాత్రం హరికిరణ్. ఖాన్ భాయ్ ఆయన్ని చూసి సెల్యూట్ కొట్టి పక్కకి తప్పుకున్నాడు. ఈ గేటు దగ్గర ఇంజనీరు సారు మాటే మాట.

హరికిరణ్ గంగరాజు భుజం మీద చెయ్యి వేసి, నలుగురికీ వినబడనంత దూరం నడిపించాడు. “చూడు గంగరాజూ. లేడీస్ కోర్టు చూడ్డానికొచ్చారు, పర్మిషన్ నేనే ఇచ్చానని ఖాన్‌తో చెప్తాను. నీ ఉద్యోగం ఉంటుంది. కార్లో పాండురంగ గారున్నారు, ఆయనతో కూడా మాట్లాడాను. బుల్లెమ్మ పనీ ఉంటుంది, ఆవిడ కన్వీనర్ కుర్చీ కూడా ఉంటుంది.”

గంగరాజు నమ్మలేక ఆయన మొహంలోకి చూశాడు. “మీ కాళ్ళకి దండమెడతానండి. మరి నేనేం చెయ్యాలండి?”

“పెద్దగా ఏం లేదు. నువ్వు కోరుకున్నట్టే మొదటి శుక్రవారం మాతో ఆడు. బాగా ఆడు, ఎవరికీ అనుమానం రాకూడదు.” హరికిరణ్ బస్సు కేసి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “కాకపోతే ఓడిపోవాలి.”

బస్సు కిటికీలోంచి బుల్లెమ్మ తల బయటికి పెట్టి అరిచింది.

“ఏవయ్యోయ్! ఏమంటన్నారు సారు? గేటు తీత్తారా, తియ్యరా?”